అనిమే చూడటానికి దొంగదారి అక్కర్లేదు

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ మన దేశంలో తెలుగులోనూ విడుదలైంది. జపాన్ యానిమేషన్ సినిమాకి తెలుగు డబ్బింగ్ చెప్పించి థియేటర్‌కి తెచ్చారంటే, టికెట్ కొనేవాళ్లు ఇక్కడ ఉన్నారని నమ్మకం కుదిరినట్టే. ఆ ప్రేక్షకుల్లో చాలామంది అనిమేని మొదట చూసింది టెలిగ్రామ్ గ్రూపుల్లో, పైరసీ సైట్లలో. వాళ్లని నిందించడం న్యాయం కాదు. చాలా ఏళ్లపాటు డబ్బు పెట్టి చూద్దామన్నా మనకి అమ్మే నాథుడు లేడు. ఇప్పుడు ఉన్నారు. అయితే అన్నీ ఒక్కచోట దొరకవు. ఏది ఎక్కడుందో తెలియక చాలామంది మళ్లీ పాత దారే పడుతున్నారు.

ఈ చిక్కు జపాన్‌లోనే మొదలవుతుంది. అక్కడ ఒక అనిమే వెనక సాధారణంగా ఒక్క నిర్మాత ఉండడు. మాంగా అనే జపాన్ కామిక్స్ వేసే ప్రచురణ సంస్థ, టీవీ ఛానెల్, మ్యూజిక్ కంపెనీ, బొమ్మలు అమ్మే కంపెనీ కలిసి నిర్మాణ కమిటీగా ఏర్పడతాయి. మన సినిమాని నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాలవారీగా అమ్మినట్టు, ఆ కమిటీ విదేశీ హక్కులని ప్రాంతాలవారీగా అమ్ముతుంది. ఉత్తర అమెరికా ఒకరికి, ఆగ్నేయ, దక్షిణ ఆసియా మరొకరికి. ‘స్పై×ఫ్యామిలీ’ మన ప్రాంతపు హక్కులు తైవాన్ కంపెనీ మ్యూజ్‌కి దక్కాయి. హాంకాంగ్ కంపెనీ మీడియాలింక్ కూడా ఇలాగే హక్కులు కొంటుంది.

ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి. పైసా ఖర్చు లేకుండా చట్టబద్ధంగా అనిమే చూసే దారి వీళ్ల దగ్గరే ఉంది. మ్యూజ్‌కి యూట్యూబ్‌లో మ్యూజ్ ఏషియా, మ్యూజ్ ఇండియా ఛానెళ్లున్నాయి. మీడియాలింక్‌ది యాని-వన్ ఏషియా. ప్రకటనలు భరిస్తే చాలు, పూర్తి ఎపిసోడ్లు చూడొచ్చు. ఇదే వీడియో అమెరికాలో తెరిస్తే ‘మీ దేశంలో అందుబాటులో లేదు’ అని వస్తుంది. పెద్ద మార్కెట్‌లో లేకపోవడం ఇక్కడ మనకి లాభించింది. కొన్ని సిరీస్‌లు కొంతకాలమే ఉంచి తీసేస్తారు కాబట్టి, చూడాలనుకున్నది వాయిదా వేయకండి.

డబ్బు కట్టి చూసేవాటిలో మొదట చెప్పుకోవాల్సింది క్రంచీరోల్. దాని చరిత్రే ఒక పాఠం. 2006లో మొదలైనప్పుడు అది అభిమానులు అనుమతి లేకుండా వీడియోలు ఎక్కించే సైటు. 2009 నాటికి టీవీ టోక్యోతో ఒప్పందం చేసుకుని ‘నరుటో’ని అధికారికంగా చూపించింది. జపాన్‌లో ప్రసారమైన కాసేపటికే సబ్‌టైటిల్స్‌తో ఎపిసోడ్ ఇవ్వడం దాని బలం. 2021లో సోనీ దీన్ని 117.5 కోట్ల డాలర్లకి కొంది. మరుసటి ఏడాది దాదాపు వంద దేశాలు, ప్రాంతాల్లో ధరలు తగ్గించింది. భారత్‌లో ప్రారంభ ప్లాన్ నెలకి 79 రూపాయలకి దిగింది. అప్పుడు అమెరికాలో అదే ప్లాన్ 7.99 డాలర్లు. ధర మారుతుంటుంది కనుక కట్టేముందు ఇప్పటి రేటు చూసుకోండి.

నా లెక్కలో ధర కన్నా పెద్ద విషయం భాష. ‘సోలో లెవెలింగ్’, ‘జుజుట్సు కైసెన్’ లాంటివి క్రంచీరోల్‌లో తెలుగులో విన్నప్పుడు ఇంట్లో చిన్నవాళ్లతో పాటు పెద్దవాళ్లు కూడా కూర్చుంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదివే వేగం లేని అమ్మకి, తాతయ్యకి తలుపు తెరిచింది తెలుగు గొంతే.

జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ అభిమానులకి మాత్రం నెట్‌ఫ్లిక్స్ తప్పదు. 2020లో అమెరికా, కెనడా, జపాన్ మినహా మిగతా ప్రపంచంలో 21 జిబ్లీ సినిమాల హక్కులు దానికి దక్కాయి. ‘స్పిరిటెడ్ అవే’, ‘మై నైబర్ టోటోరో’ మన దగ్గర అందులో ఉంటాయి. డాలస్‌లో ఉంటున్న మన పిల్లలు వాటికోసం హెచ్‌బీవో మ్యాక్స్ వెతకాలి. అప్పట్లో రాని ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ కూడా 2024లో నెట్‌ఫ్లిక్స్‌కి చేరింది. యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన అన్నాచెల్లెళ్ల కథ అది. ఒక్కసారైనా చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో చౌకైన మొబైల్ ప్లాన్ నెలకి 149 రూపాయలు అని 2021 డిసెంబరులో పెట్టారు. అయితే టోటోరో అడవిలోని ఆకుపచ్చని అరచేతి తెర మీద చూడటం నాకు మనసొప్పదు. నలుగురూ కలిసి టీవీలో చూడాలి.

క్రంచీరోల్‌కి ఏడాదికి కట్టాలా, నెలకా? అనిమే జపాన్‌లో మూడు నెలల సీజన్లుగా, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో మొదలవుతుంది. వారం వారం వెంటపడి చూసే అలవాటుంటే ఏడాది చందా గిట్టుబాటు. సీజన్ అయ్యాక ఒక్కసారిగా చూసేవాళ్లు యూట్యూబ్ ఛానెళ్లని మొదట గాలించి, అక్కడ లేనిదానికే ఒక నెల కట్టుకుంటే సరిపోతుంది. జిబ్లీ సినిమాలకి కూడా ఒక నెల చాలు.

ఇన్ని దారులున్నా ఒక లోటు నన్ను బాధిస్తూనే ఉంది. తెలుగు డబ్బింగ్ వస్తోంది కానీ తెలుగు సబ్‌టైటిల్స్ చాలా అరుదు. జపనీస్ గొంతులు వింటూ తెలుగులో చదవాలనుకునేవాళ్లున్నారు. చెవి వినపడని పిల్లలున్నారు, వాళ్లకి డబ్బింగ్ ఎందుకూ పనికిరాదు. సబ్‌టైటిల్‌కి స్టూడియో అక్కర్లేదు, గొంతుల కోసం వెతుకులాట అక్కర్లేదు. మంచి అనువాదకులు కావాలి, వాళ్లు మన దగ్గర ఉన్నారు. జపాన్ యానిమేషన్ సంఘం లెక్కల ప్రకారం 2023లో ఆ పరిశ్రమ ఆదాయంలో సగానికి పైగా విదేశాల నుంచే వచ్చింది. అందులో మన రూపాయి కూడా ఉంది. డబ్బు కట్టే ప్రేక్షకులుగా మన లిపిలో సబ్‌టైటిల్స్ అడిగే హక్కు మనకుంది, యాప్‌లో ఫీడ్‌బ్యాక్ రాసే చోటా ఉంది.