తుప్పు వదిలింది.. పని పట్టుబడింది!

డిగ్రీ చేతికొచ్చింది. ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ ఖాళీలో ఇంట్లో మూలనపడ్డ పాత కారును బాగుచేయబోయి మొదట తప్పు చేశాను. ఆ తప్పే నాకు పని నేర్పింది. ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, ఈ పనిలో కొలువులకు దారేది.. నా అనుభవంతో పాటు ఆ వివరాలివీ.

మెరిసే పెయింట్ చూసి నేను మురిసిపోతున్నాను. మేస్త్రీ మాత్రం చేతిలోని స్క్రూడ్రైవర్‌తో డ్రైవర్ తలుపు కింద ఓచోట మెల్లగా పొడిచాడు. చెదలు పట్టిన కర్రలోకి దిగినట్టు అది పిడిదాకా దిగిపోయింది.

‘‘రంగేసినావు సరే అబ్బయ్యా.. కింద యాముందో చూసినావా?’’ అన్నాడాయన. నా దగ్గర సమాధానం లేదు.

మాది నంద్యాల - ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లె. కారు మా నాయన కొన్న మారుతి 800. నంబరు ఏపీ 21తో మొదలవుతుంది. అప్పట్లో మేం కర్నూలు జిల్లాలో ఉండేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వచ్చింది. కారు మాత్రం వేపచెట్టు కింద నుంచి కదల్లేదు. నోటిఫికేషన్లు చూసుకుంటూ నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో నాయన ‘పాత ఇనుము కింద అమ్మేద్దాంరా’ అన్నాడు. ‘నేను బాగుచేస్తా నాయనా’ అన్నాను.

అన్నానే గానీ పని తెలియదు. వీడియోలు చూసి, బుడగలు లేచినచోట గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టాను. ఫొటోలు తీసి స్నేహితులకు పంపాను. లైకులే లైకులు. తర్వాత వానలు కురిశాయి. అవే చోట్ల మళ్లీ బుడగలు! అప్పుడు వెళ్లి నంద్యాలలో టింకరింగ్ చేసే ఈ మేస్త్రీని బతిమాలి తీసుకొచ్చాను.

బుడగ ఎందుకు లేస్తుంది?

ఇది ఇంటర్ కెమిస్ట్రీలో చదివిందే. ఇనుముకు నీరు, ఆక్సిజన్ తగిలితే తుప్పు పుడుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. పొడిపొడిగా ఉండి, తేమను లోపలికి రానిస్తూనే ఉంటుంది. పైగా ఇనుముకన్నా తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే రంగును కింద నుంచి పైకి నెడుతుంది. పైన రూపాయి బిళ్లంత బుడగ కనిపిస్తే, కింద అరచేయంత తుప్పు ఉండొచ్చు.

‘మాది ఎండల సీమ, తుప్పెక్కడ?’ అనుకునేవాణ్ని. కానీ కారును తినేది వాన కాదు, నిలిచిపోయిన తేమ. వేపాకులు రాలి అద్దం కింది జాలీలో పేరుకున్నాయి. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకున్నాయి. ముందు అద్దం రబ్బరు ఎండకు పగిలి నీరు మ్యాట్ కిందికి చేరింది. పైన పొడిగా కనిపించే మ్యాట్ కింద ఏళ్ల తరబడి తడి!

పాత కారులో మొదట చూడాల్సిన చోట్లు ఇవి: మ్యాట్ల కింద ఫ్లోరు, తలుపుల కింద పొడవుగా ఉండే రన్నింగ్ బోర్డు, తలుపుల కింది అంచులు, మడ్‌గార్డుల లోపలి వైపు, బ్యాటరీ కింది పళ్లెం, డిక్కీలో స్టెపినీ టైరు కింద, సస్పెన్షన్ బిగించే చోట్లు. కళ్లతో చూస్తే చాలదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తినేసిన రేకు మందంగా, చచ్చిన శబ్దం చేస్తుంది.

ఇది అందం సమస్య కాదు

మేస్త్రీ చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. జీపుల్లాంటి వాటికి కింద విడిగా చాసిస్ ఫ్రేము ఉంటుంది. మారుతి 800కి అలా ఉండదు. ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు, స్తంభాలు, పైకప్పు కలిసి మొత్తం బాడీయే బరువు మోస్తుంది. ఇలాంటి నిర్మాణాన్ని మోనోకాక్ అంటారు. అంబాసిడర్ కూడా ఇలాంటిదే. రన్నింగ్ బోర్డు తినేస్తే పోయేది అందం కాదు, బలం. ప్రమాదం జరిగితే లోపలున్నవాళ్లను కాపాడాల్సింది ఆ రేకే. నేను లప్పం పెట్టి మూసింది దాన్నే. ఆ కార్లో ముందు సీట్లో కూర్చునేది మా అమ్మ.

ఇంట్లో ఏం చేయొచ్చు?

సగానికి పైగా పని ఓపికతో అయ్యేదే. సీట్లు, మ్యాట్లు, తలుపుల లోపలి అట్టలు విప్పడం, కడగడం, తుప్పు గీకడం ఇంట్లో చేసుకోవచ్చు. విప్పే ముందు ప్రతిదీ ఫోటో తీయండి. బోల్టులను చిన్న కవర్లలో వేసి, ఎక్కడివో రాసిపెట్టండి. నెల తర్వాత గుర్తుండదు.

కొన్ని విషయాల్లో రాజీ పడొద్దు. ముందుగా బ్యాటరీ తీగలు తీసేయాలి. ఒక్క జాకీ మీద ఆన్చిన కారు కిందికి దూరొద్దు. ఇటుకలు కూడా ఉన్నట్టుండి పగులుతాయి. జాకీ స్టాండ్లే వాడాలి. గ్రైండర్ పట్టుకుంటే కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టించాలి. దగ్గర్లో ఫోమ్, మ్యాట్ ఉండకూడదు. మంటలార్పే సిలిండర్, బకెట్ ఇసుక అందుబాటులో ఉండాలి.

తుప్పు పైపైనే ఉంటే వైర్ బ్రష్, ఎమెరీ పేపరుతో మెరిసే లోహం కనిపించేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తారు. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. రంధ్రం పడితే మాత్రం ఏ రసాయనమూ రేకును తిరిగి తేలేదు. కోయాల్సిందే.

కోసి.. అతికి..

ఎంతదాకా కోయాలి? గట్టి రేకు తగిలేదాకా. నేను చిన్న ముక్కతో సరిపెడదామన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. ‘‘రొంత మిగిలిస్తే అదే మళ్లీ తింటాది. మంచి రేకు మీదనే అతుకు నిలుస్తాది’’ అన్నాడు.

ముందు అట్టముక్కతో నమూనా కోశాం. దాన్ని రేకు మీద పెట్టి గీసుకుని కత్తిరించాం. కారు బాడీ రేకు మందం సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. అందుకే 22 గేజీ రేకు సరిపోయింది. ఇంత పల్చటి రేకుకు మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే కాలి రంధ్రం పడుతుంది. గ్యాస్ వెల్డింగ్‌లో వేడి చుట్టూ పాకి రేకు వంకర్లు పోతుంది. వర్క్‌షాపుల్లో సీఓటూ వెల్డింగ్ అని పిలిచే మిగ్ వెల్డింగ్ దీనికి మేలు. గీత గీసినట్టు ఒకేసారి లాగరు. ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి దూరంగా అక్కడ.. చల్లారనిస్తూ పెడతారు. బలం మోసే చోట్ల వెల్డింగ్ కొత్తవాళ్లు చేయకూడదు. నేనూ చేయలేదు. పక్కన నిలబడి పట్టుకున్నాను, చూశాను, రాసుకున్నాను. ఆ తర్వాత తుక్కు రేకుల మీద చుక్కలు పెట్టి అలవాటు చేసుకున్నాను.

మా ఆళ్లగడ్డ శిల్పుల పని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఉలి జారితే ఎగిరిపోయిన రాతిముక్క తిరిగి రాదు. రేకు అంత కఠినం కాదు, తప్పితే మళ్లీ కోసి అతకొచ్చు. కానీ కొలత దగ్గర శిల్పి చూపే శ్రద్ధ ఇక్కడా కావాలి.

లప్పం శత్రువు కాదు

వెల్డింగ్ అయ్యాక అతుకును గ్రైండ్ చేసి, శుభ్రంగా తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. తెరిచి వదిలేసిన రేకుకు రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. రేకులు కలిసే చోట సీలర్ పూయాలి. ఆ తర్వాతే లప్పం. అది ఎత్తుపల్లాలు సరిచేయడానికే గానీ, రంధ్రాలు పూడ్చడానికి కాదు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించితే పగుళ్లు వస్తాయి. పైగా లప్పం తేమ పీల్చుకుంటుంది. అందుకే దాన్ని పొడిగానే రుద్దాలి. నేను మొదటిసారి నీళ్లు పోసి మరీ రుద్దాను!

చివరి రంగు షాపులో వేయించాం. ఇప్పుడు ఎక్కువగా వాడే టూకే పెయింట్ల హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హానికరం. సరైన మాస్కు, గాలి పోయే ఏర్పాటు లేకుండా ఇంట్లో స్ప్రే చేయొద్దు. రంగు పూర్తయ్యాక రన్నింగ్ బోర్డు లోపలి బోలు భాగంలోకి కేవిటీ వ్యాక్స్ కొట్టించాం. నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాం.

డబ్బులు తిరిగొస్తాయా?

రావు. ఈ మాట ముందే తెలుసుకోవాలి. మామూలు పాత కారుకు పెట్టిన ఖర్చు అమ్మితే రాదు. చరిత్ర ఉన్న కార్ల సంగతి వేరు. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ హర్‌పాల్ సింగ్‌కు తాళాలు అందించిన తొలి మారుతి 800 కూడా ఆయన మరణానంతరం తుప్పుపట్టి నిలిచిపోయింది. తర్వాత దాన్ని పునరుద్ధరించి సంస్థ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచారు. మన ఇంటి కారుకు ఆ విలువ ఉండదు. అందుకే పని మొదలుపెట్టే ముందే బలం మోసే భాగాలు ఎంత పోయాయో చూపించుకోండి. మరీ పోయి ఉంటే గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు.

కాగితాలూ చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత తనిఖీలో నెగ్గితే ఐదేళ్లకోసారి పునరుద్ధరిస్తారు. దీనికి కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి రుసుమును రూ.5,000 చేసింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో రూ.10,000కు పెంచింది. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి. తుప్పు గీకేటప్పుడు చాసిస్ నంబరు చెరిగిపోకుండా చూసుకోవాలి.

మరి కొలువు?

ఐటీఐల్లో మెకానిక్ ఆటో బాడీ రిపేర్, మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అనే ఏడాది ట్రేడ్లున్నాయి. వెల్డర్, షీట్ మెటల్ వర్కర్ కూడా ఏడాదివే. మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. అన్ని ఐటీఐల్లో అన్నీ ఉండవు, ప్రవేశాల సమయంలో చూసుకోవాలి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి ఆటోమొబైల్ ఇంజినీరింగ్ డిప్లొమా చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైతే స్టైపెండ్‌తో పని నేర్చుకునే వీలుంది. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు లాంటి కార్ల కర్మాగారాల్లో బాడీ షాపు, పెయింట్ షాపు కీలక విభాగాలు. కంపెనీల సర్వీస్ సెంటర్లకూ బాడీ పని తెలిసినవాళ్లు కావాలి. ఇంజినీరింగ్ చదివినవారికి మోటార్ బీమా సర్వేయర్ వృత్తి ఇంకో దారి. దీనికి శిక్షణ, పరీక్ష, ఐఆర్‌డీఏఐ లైసెన్స్ అవసరం. కార్లు రేపు పూర్తిగా కరెంటుతో నడిచినా సొట్ట పడే రేకు మాత్రం ఉంటుంది.

ఒక బాడీ షాపులో ట్రైనీ ఇంటర్వ్యూకు నా నోటుబుక్కు, ఫొటోలు తీసుకెళ్లాను. మెరిసే కారు ఫోటోను వాళ్లు చూసీచూడనట్టు తిప్పేశారు. బుడగలు లేచిన ఫోటో దగ్గర ఆగారు. ‘‘ఇదేంటి?’’ అనడిగారు. ఏం తప్పు చేశానో, ఎందుకు చెడిందో, రెండోసారి ఏం మార్చానో చెప్పాను. మాట్లాడిందంతా దాని గురించే. ఉద్యోగం వచ్చింది. జీతం మొదట్లో తక్కువే. కానీ రోజూ నేర్చుకునేది ఉంది.

మీకు కారే ఉండనక్కర్లేదు. పాత మోపెడ్, ట్రాక్టరు ట్రాలీ, తుప్పుపట్టిన గేటు.. ఏదైనా ఒకటి పూర్తిగా బాగుచేయండి. మొదటి రోజు నుంచి ఫోటోలు తీయండి, ఖర్చు రాయండి, చెడిపోయిన పనినీ దాచకుండా రాయండి.

ఈసారి వానలు తగ్గాక మ్యాట్ ఎత్తి చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. అమ్మను ఎక్కించుకుని ఆళ్లగడ్డ దాకా వెళ్లొచ్చాం.