13 పౌండ్ల తేడా

“నాకేం భయం, లావుగా లేను కదా!” క్యారీలో మనవాళ్ళ దగ్గర షుగర్ ఊసెత్తినప్పుడల్లా నేను వినే మాట ఇది. కొంప ముంచేది ఈ ధీమాయే!

మన దక్షిణాసియా వాళ్ళలో చూడ్డానికి సన్నగా ఉన్నవారికి కూడా పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరుతుంది, కండ తక్కువ. అందుకే తక్కువ బరువుకే డయాబెటిస్ పట్టుకుంటుంది. 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా సంతతి పెద్దలకు పరీక్ష మొదలుపెట్టాల్సిన బి.ఎం.ఐ. హద్దును 25 నుంచి 23కి దించింది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి 25 అంటే సుమారు 160 పౌండ్లు, 23 అంటే 147. ఈ 13 పౌండ్ల మధ్యలో ఉన్నవారు మామూలు చార్టులో ‘నార్మల్’! మన లెక్కలో మాత్రం రక్తపరీక్ష చేయించుకోవలసినవారు.

ఈ సంగతి ఇంటింటికీ చేరేదెలా? 2018లో వెలువడిన లాస్ ఏంజెలిస్ అధ్యయనం ఒకటి దారి చూపుతుంది. నల్లజాతివారి 52 బార్బర్ షాపుల్లో, అధిక రక్తపోటు ఉన్న మగవారి మీద చేశారు. కొన్ని షాపుల్లో బార్బర్లు మంచిమాటలు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. మిగతా షాపులకు ఫార్మసిస్టులే వచ్చి, డాక్టర్ల సహకారంతో మందులిచ్చారు. 6 నెలల్లో రక్తపోటు పై అంకె మొదటిచోట సగటున 9 పాయింట్లు తగ్గితే, రెండోచోట 27 తగ్గింది!

మరి మన బార్బర్ షాపు ఏది? క్యారీ వేంకటేశ్వరస్వామి గుడి, మోరిస్‌విల్ క్రికెట్ మైదానం, ఉగాది, సంక్రాంతి విందులు. అక్కడ ఉపన్యాసం పెట్టి చప్పట్లు కొడితే చాలదు. పులిహోర వరుస పక్కనే బరువు చూసే మిషను, బి.పి. మిషను, అమ్మమ్మలకూ తాతయ్యలకూ తెలుగులో విడమరచి చెప్పే డాక్టరో నర్సో ఉండాలి. మన సంఘాల్లో డాక్టర్లకు కొదవా?

ఎ1సి 5.7 నుంచి 6.4 మధ్య వస్తే అది ప్రీడయాబెటిస్. అంతమాత్రాన కంగారు పడనక్కరలేదు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గిందని 2002లోనే అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకు? ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు “నా హద్దు 25 కాదు, 23” అని మీరే గుర్తుచేయండి. మన తర్వాతి పండుగకి ఆ మిషన్లు పెట్టే బల్ల దగ్గర నిలబడడానికి నేను సిద్ధం. మీరూ వస్తారు కదూ?