పిడికిలితో ఆకాశం కొలుద్దామా?

మీకు తెలుసా? సూరత్‌లోని బమ్రోలిలో డాబా మీద కదలకుండా పడుకున్నా, మీరు గంటకు సుమారు 1,560 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు దూసుకుపోతున్నారు! భూమి తిప్పే తిప్పుడది. టికెట్ లేదు, కుదుపూ లేదు!

చుక్కలు పడమటికి నడుస్తున్నట్టు కనిపించేది అందుకే. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు ఉంటుందని ఆర్యభటుడు 499లోనే చెప్పేశాడు. అప్పటికి ఆయన వయసెంతో మీకు తెలుసా? 23!

పిల్లలకు ఇది చూపించడానికి టెలిస్కోపు ఎందుకు? చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. నిట్టతూర్పున పొడిచిన చుక్క గంటకు ఒకటిన్నర పిడికిలి జరుగుతుంది. చిన్నపిల్లలకూ ఇదే లెక్క: పిడికిలి చిన్నదైతే చెయ్యీ పొట్టిదేగా!

మీకు తెలుసా? ఊరి అక్షాంశం ఎంతో, ఆకాశంలో ధ్రువ నక్షత్రం ఎత్తు దాదాపు అంతే. బమ్రోలిలో 21 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లు. సిరిసిల్లలో 18 చిల్లర. సిరిసిల్ల నుంచి సూరత్ సాంచెల (మరమగ్గాల) మీదికి వచ్చిన నేతన్నకు ధ్రువుడు మూడు చిటికెన వేళ్లంత పైకెక్కాడు, దక్షిణాన అగస్త్య నక్షత్రం అంతే కిందికి దిగింది. రైలెక్కితే ఆకాశమే ఒరిగిపోయింది! సూరత్ మున్సిపల్ బడుల్లో తెలుగు మాధ్యమమూ ఉంది. ఈ లెక్క అక్కడ అచ్చంగా మన భాషలోనే చెప్పొచ్చు.

గడియారం 12 కొడితే బమ్రోలిలో మిట్టమధ్యాహ్నం అనుకున్నారా? కానే కాదు! మన గడియారాలు నడిచే రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. సూరత్ దానికి దాదాపు 10 డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాలు. సూర్యుడు అక్కడ నడిమింటికి వచ్చేసరికి దాదాపు 12:40. కాకినాడ బావగారు అప్పటికే అన్నం తిని చెయ్యి కడుక్కుంటారు!

మీకు తెలుసా? ఏడాదికి రెండు రోజులు, సూర్యుడు నడిమింటికి వచ్చిన వేళ, నిలువు కర్ర నీడ మాయం! హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. సూరత్‌లో మే చివరి వారం, జూలై నడుమ. జూలైని మబ్బులు మింగేస్తాయి కాబట్టి వేసవి సెలవుల్లోనే పిల్లల్ని ఎండలోకి పిలవాలి. ఐస్‌ఫ్రూట్ చూపిస్తే పరుగెత్తుకొస్తారు! ఢిల్లీ పిల్లలకు ఈ భాగ్యం ఎన్నడూ లేదు.

ఏడాదికి సూర్యోదయాలు 365. భూమి తన చుట్టూ తాను తిరిగే చుట్లు మాత్రం 366! చుక్కలు రోజూ 4 నిమిషాలు ముందే పొడిచి పొడిచి ఒక రోజు మిగిల్చేశాయి.

ఇంతకీ ధ్రువుడు కదలడా? కదులుతాడు! అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా పక్కన నిలబడి, రోజూ చిన్న చక్కరు కొడతాడు. మరో 12 వేల ఏళ్లకు ఆ ఉద్యోగం అభిజిత్ నక్షత్రానిది!