వృద్ధులకు, వికలాంగులకు అనువైన స్నానాల గది

ఇల్లు కట్టుకొనే గృహస్థు పూజగదికి, వంటగదికి, ముందరి వసారాకు ఎంతో ఆలోచన చేస్తాడు. చివరకు మిగిలిన మూలలో నాలుగడుగుల వెడల్పు గల ఒక గదిని ఇరికించి దానికి స్నానాల గది అని పేరు పెడతాడు. యౌవనంలో ఉన్నవారికి ఆ గదితో చిక్కు లేదు. కాని వయసు మీరినవారికి, మోకాళ్ళ వాతంతో బాధపడేవారికి, పక్షవాతం వలన ఒక పక్క బలం కోల్పోయినవారికి, చక్రాల కుర్చీపై తిరిగేవారికి ఇంటిలో అన్నిటికన్నా అపాయకరమైన చోటు అదే. తడి నేల, ఇరుకు తలుపు, ఎత్తు గడప, చాలని వెలుతురు అక్కడ ఒకేచోట కలిసి ఉంటాయి.

వైద్యుడు తాపీపని గురించి వ్రాయడమేమిటని పాఠకులు అనుకోవచ్చు. కారణం ఉన్నది. నా వద్దకు మలబద్ధకమని, మూత్రంలో మంట అని వచ్చే వృద్ధులలో చాలామందికి రోగమూలం కోష్ఠంలో లేదు, మరుగుదొడ్డిలో ఉన్నది.

వేగధారణం – అసలు చిక్కు

వార్ధక్యంలో వాతం ప్రబలంగా ఉంటుందని మన శాస్త్రం చెబుతున్నది. అష్టాంగహృదయంలోని సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో వాగ్భటాచార్యులు ఆపరాని వేగాలు పదమూడింటిని పేర్కొన్నారు. మలమూత్రాలు వాటిలో ముఖ్యమైనవి. మలవేగాన్ని ఆపితే పిక్కల నొప్పి, తలనొప్పి, వాయువు పైకి ఎగదన్నడం కలుగుతాయని, మూత్రవేగాన్ని ఆపితే ఒళ్ళు విరుపు, వస్తిలో నొప్పి, అశ్మరి అనగా మూత్రాశయంలో రాయి ఏర్పడతాయని అక్కడే ఉన్నది. గురుకులంలో ఆ అధ్యాయాన్ని వల్లె వేసే రోజులలో, ఎవరైనా వేగాన్ని ఎందుకు ఆపుకొంటారా అని మా పిల్లలకు అనిపించేది. వృద్ధులను చూస్తూంటే ఆ సందేహం తీరిపోయింది.

ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి ఏడాదిగా విరేచనం సరిగా కావడం లేదని వచ్చారు. త్రిఫల చూర్ణం, ఆముదం అన్నీ వాడి ఉన్నారు. దినచర్య అడుగగా, సాయంత్రం నాలుగు గంటల తరువాత మంచినీళ్ళు ముట్టనని చెప్పారు. రాత్రి లేస్తే చీకటిలో గడప దాటాలి, గొంతుక్కూర్చుంటే మళ్ళీ లేవలేరు, కోడలిని నిద్ర లేపడానికి మొగమాటం. అందుచేత దాహాన్ని ఆపారు, మూత్రాన్ని ఆపారు, మలాన్ని ఆపారు. ఆయనకు నేను వ్రాసి ఇచ్చిన మొదటి ఔషధం గోడకు రెండు కడ్డీలు, ఒక కమోడ్ కుర్చీ, రాత్రంతా వెలిగే ఒక చిన్న దీపం. నీరు త్రాగడం మొదలుపెట్టిన తరువాతనే ఆయనకు మందు పనిచేసింది.

తలుపు, గడప

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం స్థానంలో 2016లో కొత్త చట్టం వచ్చింది. 2021లో కేంద్ర ప్రభుత్వం అందరికీ అందుబాటులో ఉండే కట్టడాలకు మార్గదర్శకాలు వెలువరించింది. అవి ప్రధానంగా ప్రజలు వచ్చిపోయే భవనాలకు ఉద్దేశించినవైనా, వాటిలోని కొలతల వెనుక ఉన్న ఆలోచన మన ఇళ్ళకూ పనికివస్తుంది.

చక్రాల కుర్చీ సుఖంగా వెళ్ళాలంటే తలుపు తెరచినప్పుడు దారి 90 సెంటీమీటర్లు, అనగా మూడడుగులు ఉండాలి. లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వృత్తం పట్టేంత ఖాళీ అవసరం. పాత ఇళ్ళలో అంత చోటు దొరకకపోతే, స్నానాల గదికీ పక్కనున్న మరుగుదొడ్డికీ మధ్య గోడ తీసివేసి రెంటినీ ఒకటి చేయవచ్చు. ఆ గోడ పైకప్పు బరువును మోస్తున్నదేమో ఇంజనీరుచేత చూపించనిదే దానిపై చేయి వేయకూడదు.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడినవారు తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకొనే తలుపును ఎవరూ తీయలేరు. గడియ కూడా అవసరమైతే బయటినుంచి తీయగలిగినదై ఉండాలి. స్నానాల గదికి గడప అక్కరలేదు. నీరు బయటికి రాకుండా ఆపవలసినది నేల వాలు మాత్రమే. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున తూము వైపు వాలు ఇస్తే నీరు నిలువదు, నడిచేవారికి ఆ వాలు తెలియదు.

నేల

నున్నని టైల్స్, పాలిష్ చేసిన నాపరాయి, పాలరాయి కంటికి ఇంపుగా ఉంటాయి, తడి కాలికి శత్రువులు. గరుకుతనం గల టైల్స్ గాని, పాలిష్ చేయని నాపరాయి గాని వేయించడం మేలు. నేల మార్చే స్తోమత లేనివారు అడుగున పట్టు ఉన్న రబ్బరు చాప వేసుకోవచ్చు. గుడ్డ పట్టాలు, గోనె పట్టాలు తడి నేలపై జారిపోతాయి కనుక వాటిని తీసివేయాలి.

అభ్యంగనం విషయంలో ఒక హెచ్చరిక. తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా నూనె పట్టించమని వాగ్భటాచార్యులు చెప్పారు. అది వృద్ధులకు హితమే. కాని పాదాలకు నూనె ఉన్నవారు నడిచి స్నానాల గదికి పోకూడదు. స్నానం చేసే కుర్చీలోనే కూర్చోబెట్టి నూనె పట్టించాలి, లేదా అరికాళ్ళను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి నడిపించాలి. దీపావళి, సంక్రాంతి తలంట్లనాడు నూనె, సున్నిపిండి, కుంకుడు నురగ నేలమీద కలిసి జారుడుబండ అవుతుంది. పిల్లల తలంట్లు అయిన వెంటనే పెద్దలను పంపకుండా నేలను వేడినీటితో కడిగి ఆరనివ్వాలి.

ఊతం

జారిపడబోయేవానిని నిలబెట్టడం, భయాన్ని పోగొట్టడం కర్ర ధరించడం వలన కలిగే గుణాలని చరకసంహిత చెప్పింది. గోడకు బిగించిన కడ్డీ స్నానాల గదిలో ఆ కర్ర చేసే పనే చేస్తుంది. కడ్డీ చుట్టూ చేయి బిగియాలంటే దాని మందం సుమారు 4 సెంటీమీటర్లు, గోడకూ కడ్డీకీ మధ్య ఎడం 5 సెంటీమీటర్లు ఉండాలి. కమోడ్ పక్కన అడ్డకడ్డీ సీటు కన్నా 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే లేవడం సులభం. స్నానం చేసే చోట నిలువు కడ్డీ ఒకటి అవసరం. తువ్వాలు ఆరవేసే కడ్డీని ఊతంగా వాడకూడదు. అది మనిషి బరువును మోయదు, నమ్మి పట్టుకొన్నవారిని పడవేస్తుంది. కొత్తగా బిగించిన కడ్డీని ముందుగా ఇంటిలో బలంగా ఉన్నవారు పట్టుకొని వేలాడి చూడాలి. తెల్లని గోడకు తెల్లని కడ్డీ వద్దు. చూపు మందగించినవారికి కనబడేటట్లు ముదురు రంగు ఉండాలి.

పక్షవాతం వచ్చినవారికి కడ్డీని బలమున్న చేతివైపునే బిగించాలి. ఇది చాలామంది మరచిపోయే విషయం.

కూర్చొనే ఎత్తు

సీటు నేలనుంచి 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే మోకాళ్ళపై భారం తగ్గుతుంది. మన పద్ధతి మరుగుదొడ్డి ఉన్న ఇంటిలో దానిని పగులగొట్టనక్కరలేదు. మధ్యలో రంధ్రం, కాళ్ళకు రబ్బరు తొడుగులు, చేతులు ఉన్న కమోడ్ కుర్చీని దానిపై అమర్చుకోవచ్చు.

స్నానానికి చెక్కపీట వదలి, చేతులున్న కుర్చీ వేయాలి. బకెట్టును నేలపై కాక మరొక ముక్కాలిపీటపై పెడితే వంగే పని తప్పుతుంది. చేతికి అందే షవరు మరీ మంచిది. కుళాయి తిప్పేది కాక, పైకి క్రిందికి కదిలించే పిడి గలదైతే వ్రేళ్ళు వంగనివారు కూడా వాడుకొనగలరు.

వేడినీరు, విద్యుత్తు

వేడినీటి స్నానం కంఠం నుంచి క్రిందికి బలాన్నిస్తుందని, తలపై పోసుకొంటే కేశాలకు, కన్నులకు చేటని శాస్త్రం. మధుమేహం ముదిరినవారికి పాదాలలో స్పర్శ తగ్గి వేడి తెలియదు. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదు. కనుక బకెట్టులో ముందు చన్నీరు, తరువాత వేడినీరు పోయాలి. స్పర్శ బాగుగా ఉన్న మరొకరు చేయి పెట్టి చూడాలి.

గ్యాస్ గీజరును స్నానాల గది లోపల ఎన్నడూ పెట్టకూడదు. మూసిన గదిలో అది వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్‌ను నింపి ప్రాణం తీస్తుంది. బకెట్టులో వేసే హీటరు కడ్డీ పెద్దల దగ్గర వద్దు. విద్యుత్ గీజరు ఉన్న ఇంటిలో 30 మిల్లీ ఆంపియర్ల వద్ద కరెంటు ఆపివేసే భద్రతా స్విచ్ తప్పనిసరి.

రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఒక్కసారిగా నిలబడితే రక్తపోటు తగ్గి కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చొని లేవాలి. పురుషులు కూడా కూర్చొనే మూత్రవిసర్జన చేయడం క్షేమం. మంచం నుంచి గది దాకా మంద్రమైన దీపం వెలుగుతూ ఉండాలి. కూర్చొన్నచోట చేతికి అందే గంట ఒకటి అమర్చాలి.

పడిపోతే

పడినవారిని వెంటనే లేవదీసి నిలబెట్టకూడదు. తుంటి నొప్పి అంటున్నా, కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగినా తుంటి ఎముక విరిగిందని అనుమానించి కదలకుండా ఆసుపత్రికి చేర్చాలి. అటువంటి సమయంలో నూనె రాసి మర్దన చేయడం పెద్ద హాని.

ఏది ముందు?

అంతా ఒక్కసారిగా చేయలేని కుటుంబాలు దీపం, రబ్బరు చాప, కుర్చీ ఈ వారంలోనే సమకూర్చుకోవచ్చు. కడ్డీలు, తలుపు గడియ తరువాతి నెలలో, నేల, తలుపు వెడల్పు ఇంటి మరమ్మతు చేయించే ఏడాదిలో చూచుకోవచ్చు.

“నాకివన్నీ ఎందుకురా” అని పెద్దలు అంటారు. తాము బలహీనులమైనామని ఒప్పుకోవడం వారికి కష్టం. వారితో వాదించవద్దు. ఇంటికోసం చేయిస్తున్నామని చెప్పండి. అది అబద్ధం కాదు. గర్భిణికీ, చిన్నపిల్లలకూ, జ్వరం తగ్గి లేచినవారికీ అదే కడ్డీ ఊతమవుతుంది. స్నానం, మలమూత్ర విసర్జన ఇతరుల చేయి పట్టకుండా చేసుకొనగలిగినంతకాలం మనిషికి తనపై గౌరవం నిలుస్తుంది. అది నిలిస్తే ఆహారం రుచిస్తుంది, నిద్ర పడుతుంది, మందు వంటపడుతుంది.