దొంగకు నష్టపరిహారమా?

దొంగతనానికి వచ్చినవాడు మన ఇంట్లో దెబ్బతిని, ఆనక మనమీదే దావా వేస్తే? "చోద్యం కాకపోతే!" అంటారు మీరు. అమెరికాలో, అయోవా రాష్ట్రంలో ఒక రైతు దంపతులకు సరిగ్గా ఇదే జరిగింది.

పొలంలో వాళ్ళకొక పాత ఇల్లుండేది. అందులో ఎవరూ కాపురం లేరు. ఏళ్ళ తరబడి దొంగలు పడి అందినది పట్టుకుపోతూంటే విసిగిపోయి, 1967లో పడకగది మంచానికి తుపాకి కట్టి, తలుపు తెరవగానే పేలేటట్టు తీగ బిగించారు. మొదట గురి మనిషి పొట్టకే ఉన్నదట. కాస్త కిందికి దించమన్నది ఇల్లాలు. ఆ మాటే ఒక ప్రాణం నిలిపిందని నా నమ్మకం.

నెల తిరిగాక, పాత సీసాలకోసం జొరబడ్డ ఒకడు ఆ తలుపు తీశాడు. కాలి ఎముక తునిగిపోయి 40 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నేరం ఒప్పుకుంటే 50 డాలర్ల జరిమానా పడింది. ఎత్తుకుపోబోయిన సరుకు 20 డాలర్లయినా చెయ్యదు! ఆపైన అతగాడు దావా వేశాడు. జ్యూరీ గాయానికి 20,000, యజమానులకు శిక్షగా మరో 10,000 డాలర్లు ఇప్పించింది. 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. పాపం, ఆ దంపతులు 80 ఎకరాలు అమ్ముకున్నారు.

వాళ్ళమీద నాకు జాలే. అయినా తీర్పు తప్పనలేను. తామే ఎదురుగా ఉన్నా, సీసాలకోసం మనిషిని కాల్చే హక్కు వాళ్ళకు లేదు. మరి తీగకు ఎక్కణ్ణుంచి వస్తుంది? వానకు తలదాచుకోవచ్చిన బాటసారో, బంతికోసం వచ్చిన పిల్లవాడో అది ఎరుగుతుందా? లోపల తుపాకి ఉన్నదని హెచ్చరించే పలకైనా లేదు.

అలాగని దొంగలందరికీ ఇది వరమనుకోకండి. ఇంటివాళ్ళ ప్రాణాలమీదికి వచ్చి దెబ్బతిన్నవాడికి ఈ తీర్పు అక్కరకు రాదు.