గాజు తలుపు ఆవల బిడ్డ, ఈవల తల్లి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కొన్ని వారాలు ఎన్ఐసీయూలో ఉండి ఇంటికి బయలుదేరే రోజున, తల్లి చేతికి ఒక కాగితం ఇస్తారు. సేవలు ఎలా ఉన్నాయన్న ప్రశ్నకు ఆమె ‘బాగున్నాయి’ అన్న గడిలో టిక్కు పెడుతుంది. బిడ్డ ప్రాణాలతో ఒడికి చేరిన ఆ క్షణంలో ఏ తల్లి మరో మాట అంటుంది? బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఈ ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే తల్లి సంతృప్తిని ఆ కాగితంలో వెదకడం వృథా అని మా అభిప్రాయం. ఆమె బిడ్డ దగ్గర రోజుకు ఎన్ని గంటలు గడిపింది, బిడ్డ పరిస్థితిని ఎవరు ఏ భాషలో చెప్పారు, ఆమె పాలు బిడ్డకు చేరాయా అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

ఒకప్పుడు గోల్కొండకు పడమట రాతిగుట్టల నడుమ ఉన్న పల్లె నానక్‌రామ్‌గూడ. నేడక్కడ అద్దాల మేడలు, వాటిని కట్టే కూలీల రేకుల షెడ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. మేడలో పనిచేసే తల్లికి కార్పొరేట్ ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉంటుంది. కాని పుట్టిల్లు దూరం, రోజు రోజుకూ పెరిగే బిల్లు ఒక భయం. షెడ్డులోని తల్లి పాలమూరు నుండో, ఒడిశా, బీహారుల నుండో వచ్చినది. కొండాపూర్ సర్కారు ఆసుపత్రిలో కాన్పయి, బిడ్డ మరీ బలహీనంగా ఉంటే నగరం నడుమనున్న నిలోఫర్‌కు పంపవలసి రావచ్చు. అప్పుడు బిడ్డ అంబులెన్సులో వెళుతుంది. కుట్లు మానని తల్లి కాన్పయిన మంచం మీదే మిగిలిపోతుంది. ఎన్ఐసీయూ లేని చిన్న నర్సింగ్‌హోమ్‌ను నమ్ముకున్న చదువుకున్న తల్లికీ ఇదే ఎడబాటు తప్పదు.

నిలోఫర్ ఆసుపత్రి పుట్టుకే ఒక తల్లి మరణంతో ముడిపడినది. ఉస్మానియా రాజవంశానికి చెందిన నిలోఫర్, ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జాహ్ భార్య. ఆమె పరిచారిక రఫతున్నిసా 1949లో ప్రసవ సమయంలో కన్నుమూసింది. ఆ దుఃఖం నుండి పుట్టిన ఆలోచనే 1953లో రెడ్‌హిల్స్‌లో ఆసుపత్రిగా నిలిచింది. ఒక పనిమనిషి ప్రాణానికి విలువ కట్టిన ఆ చూపు నేటి ఆసుపత్రులన్నిటికీ ఆదర్శం కావాలి.

తల్లిని బిడ్డకు దూరంగా ఉంచడం శుభ్రత కోసమేనన్న వాదన చాలాకాలం చెల్లింది. ఇప్పుడది నిలవదు. భారత్, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆసుపత్రులలో, కిలోకు తగ్గకుండా 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులపై జరిగిన పరిశీలన 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టిన శిశువులలో 28 రోజులలోపు మరణించినవారు 100కు 12 మంది; పరిస్థితి కుదుటపడేదాకా ఆగి ఆ పని మొదలుపెట్టినప్పుడు దాదాపు 16 మంది. దాని కోసం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో తల్లుల మంచాలను ఎన్ఐసీయూ లోపలికే తెచ్చారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని రోజుకు 8 నుండి 24 గంటలు పాటించమని చెప్పింది. ఇదంతా తెలిసీ ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు అద్దంలోంచి చూపించి పంపడం ఎక్కడి న్యాయం?

అయితే తలుపు మూసేది ఆసుపత్రి ఒక్కటే కాదు. నలభై రోజులు బాలింత గడప దాటరాదని, చలిగాలి సోకుతుందని ఆపే అత్తగార్లు మన ఇళ్లలోనే ఉన్నారు. నిఫాస్ స్థితిలో నమాజు, ఉపవాసం ఉండవు. బిడ్డను హత్తుకోవడానికి, దుఆ చేయడానికి ధర్మం అడ్డు చెప్పలేదు. చెవిలో అజాన్ చెప్పాలని తండ్రి కోరితే, చేతులు కడుక్కుని వార్మర్ పక్కన మెల్లగా చెప్పేందుకు నర్సు అనుమతి అడగవచ్చు. తల్లి బిడ్డను రొమ్ముపై పెట్టుకునేచోట ఒక తెర, ఒక కుర్చీ ఉంటే చాలు, పర్దా పాటించే స్త్రీ సంకోచం సగం తీరుతుంది. ఈ తెర కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మన తల్లులను లోలోపల కలవరపెట్టే మరో సంగతి పాలది. తల్లి పాలు పితికి ఇచ్చే వీలుంటే మరో ఆలోచన అక్కర్లేదు. దాని కోసం గదీ పంపూ ఏర్పాటు చేయడం ఆసుపత్రి పని. పాలు పడని రోజులలో, మరీ చిన్న శిశువుకు డబ్బా పాలకన్నా దాతల పాలు మేలు. పేగులు దెబ్బతినే ప్రమాదకరమైన జబ్బు వాటివల్ల తగ్గుతుంది. నిలోఫర్‌లో 2017లో మొదలైన ‘ధాత్రి’ తల్లిపాల నిధి ఇందుకోసమే. కాని పాలబాంధవ్యం ఏర్పడితే ఆ బిడ్డలు తోబుట్టువులవుతారు, వారి మధ్య వివాహం నిషిద్ధం. అనేక తల్లుల పాలు కలిసే నిధులలో ఆ దాత ఎవరో తెలియదు. 1985లో జిద్దాలో ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఇలాంటి నిధులను కాదన్నది. యూసుఫ్ అల్ ఖరదావీ వంటి విద్వాంసులు అనుమతించారు. హనఫీలకు ఒక్క గుక్కతోనే బాంధవ్యం. బార్కస్‌లోని షాఫియీ కుటుంబాలకు ఐదుసార్లు పడితేనే.

ఇంత తేడా ఉన్న విషయాన్ని అర్ధరాత్రి సంతకం పెట్టమని ముందుకు నెట్టిన కాగితంతో తేల్చలేము. ఏడవ నెలలోనే మస్జిదు ఆలిమ్‌ను, కాన్పు చేయబోయే డాక్టరమ్మను కలిసి మాట్లాడుకోవాలి. దాత పాలు తీసుకోవాలనుకుంటే ఒకే దాత పాలు దొరుకుతాయా, ఆమె వివరాలు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. ఇస్తే ఆ తల్లి పేరు, ఆమె బిడ్డల పేర్లు, తేదీ ఇంటి పుస్తకంలో రాసి ఉంచాలి. ఇరవై ఏళ్ల తరువాత పెళ్లిచూపులకు ముందు ఎవరో ఒకరు ఆ పేజీ తెరవవలసి ఉంటుంది.