ఇంట కూర్చిన కంప్యూటరు మేల్కొననప్పుడు

పిల్లలు విడిభాగములు కొనితెచ్చి ఇంటియందే కంప్యూటరును కూర్చుకొనుట నేడు అరుదు కాదు. అన్నియు బిగించి మీట నొక్కిన పిమ్మట అది మేల్కొననిచో పిల్లల మొగములు వాడును. సొమ్ము నీళ్లపాలయ్యెనని పెద్దల మనస్సు కలత చెందును. ఆ తొందరలో మంచి భాగమునే చెడినదని తలచి మరియొకటి కొనుటయు కలదు. అట్టి వేళ మొదట కావలసినది సొమ్ము కాదు, వరుస. విద్యుత్తు గోడనుండి బయలుదేరి ఏ త్రోవను పోవునో ఆ త్రోవనే వెదకుచు పోయినచో దోషమున్న తావు చాలవరకు తెలియగలదు.

ముందుగా ఒక హెచ్చరిక. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి తక్కిన భాగములకు పంచు ఇనుప పెట్టెను పవర్ సప్లై అందురు. దీనిని పిల్లలే కాదు, పెద్దలును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత సైతము అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. ఇతర భాగములను తాకుటకు ముందు ప్లగ్గు తీసి, కంప్యూటరు మీటను కొన్ని క్షణములు నొక్కి ఉంచవలెను. ఇంటి ఎర్తింగు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుకొనుట మేలు.

ఇక దోషములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది, ఫ్యాను తిరుగదు, దీపము వెలుగదు. గోడ ప్లగ్గులో మరియొక దీపమును పెట్టి చూడవలెను. పవర్ సప్లై వెనుకనున్న చిన్న స్విచ్ నిలువుగీత వైపునకు నొక్కియుండవలెను. సున్న గుర్తు వైపున్నచో విద్యుత్తు రాదు. తరువాత మదర్‌బోర్డునకు పోవు 24 పిన్నుల పెద్ద ప్లగ్గు పూర్తిగా దిగినదా యనియు, మీటనుండి వచ్చు రెండు సన్నని తీగలు తమ పిన్నులకే తగిలినవా యనియు చూడవలెను.

రెండవది, ఫ్యాను ఒక్క క్షణము తిరిగి ఆగిపోవును. ఇది షార్టు సర్క్యూటునకు గుర్తు కావచ్చును. బోర్డు క్రింద జారిపడిన మర యొక్కటి చాలును. అక్కరలేని చోట బిగించిన ఇత్తడి కాలైనను చాలును.

మూడవది, ఫ్యానులు తిరుగును గాని తెర చీకటిగా నుండును. ప్రాసెసరునకు వేరుగా 4 లేక 8 పిన్నుల ప్లగ్గు కలదు. దానిని మరచుట పరిపాటి. గ్రాఫిక్స్ కార్డున్నచో మానిటరు కేబులు ఆ కార్డునకే తగిలింపవలెను. ర్యామ్ పలకలు రెండున్నచో ఒక్కదానినే, ‘టక్కు’మని శబ్దము వచ్చునట్లు నొక్కి, పరీక్షింపవలెను. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి కొన్ని నిమిషముల వరకు తెరను వెలిగింపకపోవచ్చును; అది దోషము కాదు, వేచియుండవలెను. పెక్కు బోర్డులపై సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అను పేర్లతో నాలుగు చిన్న దీపములుండును. ఏది ఆరక నిలుచునో ఆ భాగమునే మొదట శంకింపవలెను.

ఒక నియమము మరువరాదు: ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో, యంత్రము మేల్కొన్నను, దేనివలన మేల్కొన్నదో తెలియదు. చేసిన ప్రతి పరీక్షను, దాని ఫలితమును నోటుపుస్తకమున వ్రాయవలెను.

ఆ వ్రాత తెలుగున సాగవలెనని మా మనవి. దుకాణమున మన పిల్లలు ఈ రాష్ట్రభాషలోనే మాటలాడుదురు గాక. కాని ఇంటిభాషలో వరుసగా ఆలోచించి వ్రాసికొన్నవారు ఏ భాషలోనైనను తడబడక చెప్పగలరు. కావున తల్లిదండ్రులారా, “ఎంత సొమ్ము పాడుచేసితివి?” అని అడుగుటకు మారుగా, “ఇంతవరకు ఏమేమి పరీక్షించితివి?” అని అడుగుడు. యంత్రము మేల్కొనుట కొక దినము ఆలస్యమైనను, కారణము వెదకు అలవాటు పిల్లలలో మేల్కొనును.